ముందే పెట్టిన టిక్కు

పోయిన వారం కోర్టు కింది అంతస్తులో, ఇనుప జాలీకి అటు తాళాలామెనూ ఇటు ప్రశ్నలక్కనూ కూర్చోబెట్టి, అసలు మాట బయటికొచ్చే సమయానికి మనం లేచి వచ్చేశాం. వారమంతా తిట్టుకున్నవాళ్ళు ఇక శాంతించవచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

లాయర్ని పెట్టుకునే స్తోమత లేని నిందితులకు సర్కారు ఖర్చుతో లాయర్ని ఇచ్చే ఆఫీసు ఒకటుంది. అందులో ఇంటర్వ్యూలు చేసే మనిషి మన ప్రశ్నలక్క. పట్టుబడినవాళ్ళు జడ్జి ముందుకు వెళ్ళే లోపు వాళ్ళ ఎదురుగా కూర్చుని, ఎక్కడుంటారు, ఏం పని చేస్తారు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం జబ్బులున్నాయి, జామీనుకు ఎవరొస్తారు అని అడిగి నాలుగు పేజీల ఫారం నింపి లాయరు చేతిలో పెట్టాలి. ఫారం లేకపోతే లాయరు లేడు. లాయరు లేకపోతే పద్నాలుగు రోజులు లోపలే. అన్ని ప్రశ్నలున్న ఆ ఫారంలో ఒకే ఒక్క ప్రశ్న ఉండదు: 'నువ్వు చేశావా?' అది లాయరుకూ అతని మనిషికీ మధ్య సంగతి. పదకొండేళ్ళ ఉద్యోగంలో ప్రశ్నలక్క ఆ మాట ఎవరినీ అడగలేదు.

ఇక తాళాలామె. బస్టాండు పక్క ఫుట్‌పాత్ మీద తాళాలు బాగుచేసే, మారు తాళంచెవులు చేసే మనిషి. మందుల స్టోరు తాళం పగలకుండా తెరుచుకుంది, లోపలున్న ఖరీదైన ఇంజెక్షన్ల పెట్టెలు మాయమయ్యాయి, స్టోర్ కీపరు ఈమెను చూపించి 'ఈవిడే' అన్నాడు. నిన్న సాయంత్రం పోలీసులు పట్టుకొచ్చారు. అప్పటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. పేరు కూడా చెప్పలేదు. కాపలా హెడ్డు విసిగి వేసారి ఆమెకు మూగనోము అని పేరు పెట్టాడు. ఇవాళ పొద్దున్న ప్రశ్నలక్క గంటన్నర ప్రయత్నించింది. చివరికి ఫ్యాను గాలికి ఫారాలు ఎగురుతుంటే, బ్యాగులోంచి స్కూటరు తాళాల గుత్తి తీసి కాగితాల మీద బరువు పెట్టింది. అప్పుడు విప్పింది తాళాలామె నోరు.

"ఆ తాళంచెవి మీకెక్కడిది?"

ప్రశ్నలక్కకు ముందు సంతోషం ఆగలేదు. మాట వచ్చింది! ఏ మాటైతేనేం, ఒకటి వచ్చాక రెండోది దానంతటదే వస్తుందని ఆమె అనుభవం.

"ఏ తాళంచెవి? ఇదా? స్కూటరుది అమ్మా. నా బండి పొద్దున్న మొరాయిస్తే మా తమ్ముడి బండి వేసుకొచ్చాను" అంది నవ్వుతూ. "సరే, ముందు మీ పేరు చెప్పండి."

"మీ తమ్ముడిదా?"

"అవును. సొంత తమ్ముడే."

తాళాలామె ముఖంలో రంగు మారింది. స్టూలు వెనక్కి తోసి లేచి నిలబడింది. "హెడ్డు గారూ! నన్ను లోపలికి తీసుకుపోండి. నేను ఈవిడతో మాట్లాడను."

మూల బెంచీ మీద పేపరు చదువుకుంటున్న హెడ్డు ఉలిక్కిపడి కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "ఓరి నాయనో, మూగనోము తీరింది! ఏమమ్మా ప్రశ్నలక్కా, ఏం మంత్రం వేశావు?"

"మీరు కాస్త ఆగండి. ఏమ్మా, ఏమైంది?"

"ఏం కాలేదు. బాగా ఏర్పాటు చేసుకున్నారు. బయట తమ్ముడు, లోపల అక్క. వాడు నన్ను చూపించి లోపల వేయిస్తాడు, మీరు తీపి తీపిగా అడిగి నా నోటితోనే నన్ను ఇరికిస్తారు."

ప్రశ్నలక్కకు తల గిర్రున తిరిగింది. వాడెవడు, చూపించడమేమిటి? గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. తాళాలామె కేసు పన్నెండుకు పిలుస్తారు. ఫారం మొదటి పేజీలో పేరు గడి కూడా ఖాళీగానే ఉంది. హెడ్డు తాళాలు గలగలలాడించుకుంటూ వస్తున్నాడు. ఇంకో నిమిషంలో ఈ మనిషి లోపలికి పోతుంది, ఆ తర్వాత పద్నాలుగు రోజులు ఎవరూ ఏమీ చేయలేరు.

అప్పుడు కనిపించింది ఆమెకు. తాళాలామె శాలువాను ఛాతీ మీద రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. పొద్దున్నుంచీ అలాగే పట్టుకుంది. చలికేమో అనుకుంది ప్రశ్నలక్క. కానీ ఇవాళ చలి ఎక్కడిది? లేచి నిలబడేసరికి శాలువా కాస్త జరిగింది. కింద జాకెట్టు రెండువైపులా తడిసి ముద్దయి ఉంది.

ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషికి ఆ తడి ఏమిటో ఒకరు చెప్పాలా!

ప్రశ్నలక్క పెన్ను కింద పెట్టేసింది. ఫారంలో ఉన్నవి యాభై ఒక్క ప్రశ్నలు. యాభై రెండోది ఆమె సొంతం, ఏ పై అధికారికీ తెలియదు. గ్యాస్ స్టవ్ మీద పాలు పెట్టి అలాగే పట్టుబడి వచ్చినవాళ్ళను, మంచంలో ఉన్న తల్లిని గదిలో పెట్టి తాళం వేసి వచ్చినవాళ్ళను చూశాక, తనకు తానే చేర్చుకుంది. అది ఎప్పుడూ చివర అడుగుతుంది. ఇవాళ ముందే అడిగింది.

"మీరు ఇంటికి వెళ్ళకపోతే ఇవాళ ఏది ఆగిపోతుంది?"

తాళాలామె ఆగిపోయింది. హెడ్డు చేయి గడియ మీదే ఉండిపోయింది.

"పాప ఎన్ని నెలలది?" మెల్లగా అడిగింది ప్రశ్నలక్క.

అంతే. నిన్నటి నుంచి బండరాయిలా ఉన్న మనిషి స్టూలు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఐదు నెలలు. నా పాలు తప్ప ఇంకేదీ నోట పెట్టదు. పక్కింటి పిన్ని చేతిలో పెట్టి వచ్చాను. ఇంటాయన లారీ మీద పోయాడు, నాలుగు రోజులకు గానీ రాడు. చెబితే పిల్లను తెచ్చి ఈ గదిలో పడేస్తారని భయం. పేరు చెబితే ఇల్లు తెలుస్తుంది. ఇల్లు తెలిస్తే పిల్ల తెలుస్తుంది. అందుకని అసలు నోరే విప్పలేదు."

హెడ్డు గొంతు సవరించుకున్నాడు. గడియ మీద చేయి తీసేసి, "పావుగంట" అన్నాడు ప్రశ్నలక్కతో. "పావుగంటంటే పావుగంటే." మళ్ళీ బెంచీ దగ్గరికి పోయి, పేపరు తలకిందులుగా పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు.

"వినండి" అంది ప్రశ్నలక్క. ఆ కింది అంతస్తులో అందరినీ మీరు అనే మనిషి ఆమె ఒక్కతే. "మీరు చెప్పేది ఈ కాగితం మీదికి, కాగితం నుంచి మా లాయరు చేతికి వెళ్తుంది. పోలీసులకు ఒక్క అక్షరం పోదు. పాలుతాగే పిల్ల ఉందంటే జామీను అడగడానికి మా లాయరుకు అంతకంటే ఏం కావాలి? ఇవాళే ఇంటికి పోవచ్చు మీరు. కానీ నా తమ్ముడి మాట ఏమిటి? అది మాత్రం నాకు అర్థం కాలేదు."

తాళాలామె ఆమె కళ్ళలోకి చాలాసేపు చూసింది. తాళం ఏ రకమో చూసి తెలుసుకునే మనిషి కదా, మనిషిని కూడా అలాగే చూసింది. "నిజంగా తెలియదా మీకు?"

"తెలియదు. అయితే ఒక్క మాట. జరిగిందేమిటో నాకు చెప్పకూడదు, అది లాయరుకే చెప్పాలి."

"జరిగింది కాదక్కా, నా పని గురించి చెబుతా. అది చెప్పొచ్చా?"

"పని గురించైతే పద్దెనిమిదో ప్రశ్న" అంది ప్రశ్నలక్క, నవ్వు ఆపుకుంటూ. "చెప్పండి."

"నేను చేసిన ప్రతి తాళంచెవి తల మీద చిన్న మేకుతో మూడు చుక్కలు కొడతాను. మా నాన్న నేర్పిన పద్ధతి. ఏడాదిలోపు అరిగినా విరిగినా తెస్తే ఊరికే మళ్ళీ చేసిస్తాను, అందుకు గుర్తు. ఇంకోటి, ఎవరు చేయించుకున్నారో ఎవరికీ చెప్పను. అదీ మా నాన్న మాటే. నెల కిందట ఒకాయన వచ్చాడు. లావుపాటి పాత తాళంచెవి తెచ్చాడు. అలాంటిది చేయడానికి సరిపోయే, ఇంకా పళ్ళు కోయని ఇత్తడి దిమ్మ నా దగ్గర ఒక్కటే ఉంది, దానికీ ఒక మూల విరిగింది. ఆ విరిగిన మూలను ఆకురాయితో నున్నగా రాసి, దానితోనే చేసిచ్చాను. నిన్న పోలీసుల పక్కన నిలబడి నన్ను చూపించింది ఆయనే. స్టోర్ కీపరట. తాళం బాగుచేయడానికి నేను స్టోరుకు వెళ్ళానట, అచ్చు తీసుకున్నానట. ఆ వీధి మొహమే నేను చూడలేదు! కానీ ఏం చెప్పను? తాళంచెవి నేనే చేశానంటే దొరికిపోయినట్టే. చేయలేదంటే అబద్ధం."

ప్రశ్నలక్క చేయి తనకు తెలియకుండానే ఫారాల మీది గుత్తి వైపు వెళ్ళింది. స్కూటరు చెవి. ఇంటి చెవి. బీరువా చెవి. నాలుగోది లావుగా, కొత్త ఇత్తడి రంగులో ఉంది. ఒక మూల విరిగింది. విరిగిన చోట వేలితో రాస్తే నున్నగా తగిలింది. తిప్పి చూసింది.

మూడు చుక్కలు.

పొద్దున్న తమ్ముడు దుప్పటి ముసుగులోంచి చేయి మాత్రం బయటపెట్టి, "అబ్బ, తీసుకుపో అక్కా, నన్ను పడుకోనీ" అని గుత్తి విసిరిన సంగతి కళ్ళ ముందు కదిలింది. గుత్తిలో ఏముందో నిద్రమత్తులో వాడికి గుర్తులేదు. ఇప్పటికి లేచి ఉంటాడు. గుర్తుకొచ్చి ఉంటుంది.

వాడికి బూట్ల లేసులు కట్టడం నేర్పింది తనే. అమ్మ పోయాక బడికి తీసుకెళ్ళింది, జ్వరం వస్తే పక్కన పడుకుంది, తన పెళ్ళయ్యాక కూడా తనతోనే ఉంచుకుంది. రెండు నెలల కిందట కొత్త ఉద్యోగం అన్నాడు. "ఎలా ఉందిరా?" అంటే "బాగుంది" అన్నాడు. అంతటితో సరి. రోజుకు పదిహేనుమందిని కూర్చోబెట్టి ఎక్కడ పని చేస్తారు, యజమాని ఎవరు, ఎన్నాళ్ళ నుంచి అని గుచ్చి గుచ్చి అడిగే మనిషి, ఇంట్లో తను అన్నం వడ్డించే తమ్ముణ్ణి ఎక్కడరా నీ ఉద్యోగం అని అడగలేదు. ప్రశ్నలక్కకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"మీ తమ్ముడు ఎడమ చేత్తో రాస్తాడా?" అడిగింది తాళాలామె.

ప్రశ్నలక్క తల ఊపింది. అబద్ధమాడాలన్న ఆలోచన కూడా రాలేదు, మెదడు అంతగా మొద్దుబారింది.

"నా రసీదు పుస్తకంలో ఎడమ చేత్తోనే సంతకం పెట్టాడు."

హెడ్డు పేపరు మడిచాడు. "ప్రశ్నలక్కా, పదకొండూ ఇరవై ఆరు."

ఆ కేకకు ఆమెలో ఉన్న ఉద్యోగస్తురాలు మేల్కొంది. పరుగులాంటి చేతిరాతతో ప్రశ్న మీద ప్రశ్న నింపింది. పేరు, ఇల్లు, ఇంటాయన, పిల్ల వయసు, పక్కింటి పిన్ని ఫోను నంబరు. తాళాలామె టకటకా చెబుతోంది. మూడో పేజీ అయింది, నాలుగోది అయింది. యాభై అయ్యాయి. పేజీ అడుగున ఒక్కటే మిగిలింది.

యాభై ఒకటో ప్రశ్న నిందితులకు కాదు, అడిగేవాళ్ళకు. 'నిందితులతో గానీ, ఫిర్యాదుదారుతో గానీ, సాక్షులతో గానీ ఇంటర్వ్యూ చేసినవారికి బంధుత్వం ఉన్నదా?' పక్కన రెండు గడులు. ఉంది. లేదు. కింద సంతకం.

'లేదు' గడిలో టిక్కు అప్పటికే ఉంది. కింద ఆమె సంతకం కూడా ఉంది.

ఎందుకు ఉండదు? రోజూ పొద్దున్న టీ తాగుతూ ఇరవై ఫారాలు వరసగా పేర్చుకుని, ఇరవై 'లేదు'లూ ఇరవై సంతకాలూ చకచకా పెట్టేసేది ప్రశ్నలక్క. కింద సమయం కలిసొస్తుందని. ఆఫీసులో అందరూ చేసే పనే. కొత్తగా చేరినవాళ్ళకు ఈ చిట్కా నేర్పేది కూడా ఆమే. అలా పదకొండేళ్ళు. ఇవాళ కూడా ఈ కాగితం, ఎవరి కోసమో తెలియక ముందే, ఆమె చేతిరాతతో ప్రమాణం చేసి కూర్చుంది.

ఇప్పుడు చూడండి ఆమె అవస్థ. తాళాలు బ్యాగులో వేసుకుని, కాగితం తీసుకుపోయి లాయరు చేతిలో పెడితే చాలు. వేలు కూడా కదపనక్కర్లేదు, అబద్ధం పొద్దున్నే ఆడేసింది. పాలుతాగే పిల్ల ఉందంటే జడ్జి జామీను ఇవ్వచ్చు కూడా. తాళాలామె ఇంటికి పోతుంది, తమ్ముడు ఇంట్లో ఉంటాడు. కేసు సంగతంటారా, తర్వాత చూసుకోవచ్చు... ఆ 'తర్వాత' అనే మాట దగ్గర ఆమె ఆలోచన ఆగింది. తర్వాత అంటే ఏడాదో రెండేళ్ళో ఈమె కోర్టు మెట్లెక్కుతూ దిగుతూ ఉంటుంది, ఆ మూడు చుక్కలూ తన బ్యాగులో ఉంటాయి.

అలాగని టిక్కు మారిస్తే? 'ఉంది' అంటే ఈ ఇంటర్వ్యూ చెల్లదు. మరొకరు మొదటి నుంచి చేయాలి. రెండో ఇంటర్వ్యూ ఆఫీసరు ఇవాళ సెలవు. అంటే కేసు పిలిచేసరికి ఫారం ఉండదు.

"ఏమైందక్కా?" అంది తాళాలామె. గొంతులో మళ్ళీ భయం. "ఆ తాళంచెవిని ఏం చేస్తారు?"

ప్రశ్నలక్క ఫారం దగ్గరికి లాక్కుంది. పెన్ను తీసి 'లేదు' గడి మీద అడ్డంగా గీత కొట్టింది. 'ఉంది' గడిలో టిక్కు పెట్టింది. పక్కన రాసింది: సాక్షి నా సొంత తమ్ముడు. సంతకం. సమయం పదకొండూ ముప్ఫై నాలుగు. ఆ గీత కాగితం అవతలివైపు కూడా అచ్చు పడింది.

"పాపను కోర్టు హాలు దగ్గరికి తీసుకురమ్మని పిన్నికి ఫోను చేస్తాను, జైలుకు కాదు, హాలుకు. జడ్జి కళ్ళారా చూడాలి. సరేనా?"

తాళాలామె శాలువాలో ముఖం దాచుకుని తల ఊపింది.

గుత్తిని పిడికిట్లో బిగించి, మెట్లు రెండేసి ఎక్కుతూ ఫోను చేసింది ప్రశ్నలక్క. అవతల పాప ఏడుపు మధ్యలో పిన్ని, "ఆటో ఎక్కేస్తున్నానమ్మా, ఎక్కేస్తున్నా!" అని అరిచింది. పై అంతస్తు వరండాలో పరుగు లాయరు దొరికాడు. నలుగురి పని ఒక్కడే చేస్తాడు కాబట్టి ఆయన్ను నిలబడి ఉండగా చూసినవాళ్ళు లేరు.

"ఫారం ఏదమ్మా?" చేయి చాచాడు నడుస్తూనే.

"ఇదిగో సార్. కానీ ఇది చెల్లదు. చివరి ప్రశ్న చూడండి."

చూశాడు. పదకొండేళ్ళలో మొదటిసారి పరుగు లాయరు ఆగాడు.

ఆమె రెండే రెండు మాటల్లో చెప్పి పిడికిలి విప్పింది. తాళంచెవిని అందుకోబోయి ఆయన చటుక్కున చేయి వెనక్కి తీసుకున్నాడు. "నేను ముట్టుకుంటే రేపు నేనే సాక్షినవుతా, ఆ అమ్మాయికి లాయరు ఉండడు. నీ దగ్గరే ఉంచు. జడ్జి అడిగేదాకా ఎవరికీ ఇవ్వకు. ఎవరికీ అంటే..." ఆగాడు.

"తెలుసు సార్."

"ముందే టిక్కులు పెట్టిన సంగతి బయటికొస్తే నీ పాత ఫారాలన్నీ తీస్తారు. ఉద్యోగం మీదికి రావచ్చు."

"అదీ తెలుసు. మీరు కిందికి పరుగెత్తండి. యాభై ప్రశ్నలూ మీరే మళ్ళీ అడగండి. ఆవిడకు సమాధానాలు ఇప్పుడు నోటికి వచ్చు, పది నిమిషాలు చాలు."

లాయరు ఆమెను ఒక్క క్షణం చూశాడు. "ప్రశ్నలమ్మా, నువ్వు..." అని ఏదో అనబోయి, అది అనడానికి కూడా సమయం లేదని గుర్తొచ్చి, కోటు రెపరెపలాడించుకుంటూ మెట్ల మీద మాయమయ్యాడు.

ప్రశ్నలక్క గోడకు ఆనుకుంది. భయం ఉంది, దుఃఖం ఉంది, అన్నిటికంటే పైన ఒళ్ళంతా ఏదో వేడి ఉరకలు వేస్తోంది. పదకొండేళ్ళుగా చేస్తున్న పని ఇవాళే మొదటిసారి పూర్తిగా చేసినట్టుంది.

"అక్కా!"

వరండా చివర తమ్ముడు. చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు, ఒక కాలికి లేసు ఊడి ఉంది. ఎక్కడి నుంచి పరుగెత్తుకొచ్చాడో, రొప్పుతున్నాడు.

"ఎన్నిసార్లు ఫోను చేయాలి నీకు? బండి తాళాలివ్వు. పనికి టైమైపోయింది."

"ఏ పనికిరా?"

"ఏ పనేమిటి? నా ఉద్యోగం." నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగింది, ఎందుకంటే అక్క పిడికిలి వైపు చూశాడు. వేళ్ళ సందులోంచి ఇత్తడి తల కొంచెం బయటికి కనబడుతోంది.

హాలు లోపలి నుంచి బంట్రోతు కేక వినిపించింది. తాళాలామె కేసు నంబరే. ఎవరో జాబితా ముందుకు జరిపేశారు, పన్నెండుకు ఇంకా పదకొండు నిమిషాలుంది. కింద మెట్ల వైపు నుంచి పరుగు లాయరు అడుగుల చప్పుడు, వీధి గుమ్మంలోంచి చంటిపిల్ల ఏడుపు, రెండూ ఒకేసారి దగ్గరవుతున్నాయి.

"అక్కా" అన్నాడు తమ్ముడు, చేయి చాచి, చాలా మెల్లగా. చిన్నప్పుడు రోడ్డు దాటించమని చాచినట్టే చాచాడు. "ఇచ్చెయ్. ఇంటికి పోయాక అన్నీ చెబుతా."

ప్రశ్నలక్క పిడికిలి ఇంకా గట్టిగా బిగించింది. తాళంచెవి అరచేతిలో గుచ్చుకుంది. పదకొండేళ్ళలో ఏ దొంగనూ, ఏ హంతకుణ్ణీ, జాలీకి అవతల కూర్చున్న ఏ ఒక్కరినీ అడగని ప్రశ్న, తను పెంచిన పిల్లవాడి కళ్ళలోకి సూటిగా చూస్తూ అడిగింది.

"నువ్వు చేశావా?"